క్లిక్ ఈడీయూ కిట్: పిండంలో వృషణం, అండాశయం పెరిగే తేడాను పట్టుకోగలదా?

ముందు తీర్పు చెప్పేసి, వివరాలు తర్వాత చూద్దాం. చుంచెలుక పిండంలో 11వ రోజుకీ 13వ రోజుకీ మధ్య గొనాడ్‌లో (వృషణంగానో అండాశయంగానో మారే తొలి అవయవంలో) ఏ కణాలు డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటున్నాయో చూడటానికి, ఇప్పుడు దొరికే సరుకులో క్లిక్ ఈడీయూ కిట్‌ను మించింది లేదు. ఈడీయూ అంటే కొత్తగా తయారవుతున్న డీఎన్ఏలో దూరి రంగు అంటించుకునే అణువు. అయితే పెట్టెలో పెట్టిన సూచనల కాగితం కవర్‌స్లిప్ (పలచటి గాజు బిళ్ల) మీద పెంచిన కణాల కోసం రాసింది. దాన్ని యథాతథంగా పిండం గొనాడ్ మీద పెడితే రంగు రాకపోవచ్చు. రంగు చక్కగా వచ్చి అంకె తప్పు రావడం అంతకన్నా ప్రమాదం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో రకం తప్పు గురించే.

ఏ కంపెనీ డబ్బా కొన్నా లోపలి రసాయనం దాదాపు ఒకటే కాబట్టి పేర్లు పెట్టడం లేదు. 50 కవర్‌స్లిప్పులకు సరిపడే మామూలు ఇమేజింగ్ కిట్‌ను కొలబద్దగా తీసుకున్నాం.

అసలు ఈ కణజాలానికి ఇంత పట్టింపు ఎందుకు? ఎక్స్ఎక్స్ (ఆడ), ఎక్స్‌వై (మగ) గొనాడ్‌లు మొదట చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. 10.5వ రోజు ప్రాంతంలో వై క్రోమోజోమ్ మీద ఉండి వృషణం దారిని తెరిచే ఎస్ఆర్‌వై జన్యువు మేల్కొంటుంది, 11.5కు శిఖరానికి చేరుతుంది, 12.5కల్లా దాదాపు ఆగిపోతుంది. ఈ రెండు రోజుల్లోనే ఎక్స్‌వై గొనాడ్ పరిమాణంలో ఎక్స్ఎక్స్‌ను దాటేస్తుంది. వృషణం అండాశయం కన్నా ముందే, త్వరగా పెరుగుతుందన్న మాటను జన్యుశాస్త్రవేత్త ఉర్సులా మిట్‌వోక్ 1960ల చివరలోనే లేవనెత్తారు. అప్పటికి ఎస్ఆర్‌వై ఎవరికీ తెలియదు. ఆ పెరుగుదల ఎక్కడ మొదలవుతుందో 2000లో బ్లాంచ్ కేపెల్ ప్రయోగశాల బీఆర్‌డీయూతో (ఈడీయూకు ముందు నుంచీ వాడుకలో ఉన్న అలాంటి అణువుతో) చూపించింది. మొదటి ఊపు గొనాడ్‌ను కప్పి ఉంచే పైపొరలో, అంటే సీలోమిక్ ఎపిథీలియంలో వస్తుంది. అక్కడ ఎన్ఆర్5ఏ1 (గొనాడ్ కణాలకు గుర్తుగా వాడే ప్రోటీన్) ఉన్న కణాలు విభజించి లోపలికి దిగుతాయి, వాటిలో కొన్ని సెర్టోలి కణాలు, అంటే వృషణంలో బీజకణాలను పోషించే కణాలు, అవుతాయి. తర్వాతి ఊపు 11.5 దాటాక ఎన్ఆర్5ఏ1 లేని కణాల్లో వస్తుంది. తొలి ఊపును మందుతో ఆపితే వృషణ నాళికలే ఏర్పడవని అదే బృందం తర్వాత చూపింది. ఎఫ్‌జీఎఫ్9 అనే పెరుగుదల ప్రోటీన్ లేని ఎక్స్‌వై పిండాల్లోనూ ఈ విభజన తగ్గిపోతుంది, గొనాడ్ అండాశయం దారి పట్టగలదు. ఇన్సులిన్ కుటుంబానికి చెందిన మూడు గ్రాహకాలనూ తీసేసిన ఎక్స్‌వై ఎలుకల్లోనూ అంతే.

కాబట్టి కొలవాల్సింది గొనాడ్ మొత్తం ఎంత పెరిగిందని కాదు. కొన్ని గంటల కిటికీలో, ఒకే వరుస మందం ఉన్న పొరలో, ఒక రకం కణాలు ఎంత శాతం ఎస్ దశలో (డీఎన్ఏను రెట్టింపు చేసుకునే దశలో) ఉన్నాయన్నది. ఆ పనికి ఈ కిట్ ఎంత పనికొస్తుందో చూడాలి.

పెట్టెలో ఏముంటాయి: 5 మి.గ్రా. ఈడీయూ, ఫ్లోరోసెంట్ అజైడ్ రంగు, డీఎంఎస్ఓ (కరిగించే ద్రవం), పది రెట్ల గాఢత ఉన్న రియాక్షన్ బఫర్, 100 మిల్లీమోలార్ కాపర్ సల్ఫేట్, బఫర్ ఎడిటివ్ అని రాసిన తెల్లటి పొడి, చివర్లో కేంద్రకాలకు రంగు వేసే హెక్స్ట్ 33342. ఎడిటివ్ అంటే ఏదో గుప్త పదార్థం అనుకోనక్కర్లేదు. రాగిని దాని పనిచేసే రూపంలోకి క్షయకరణం చేసే ఆస్కార్బేట్ తరహా సరుకు అది. ఈడీయూ థైమిడిన్‌ను పోలిన అణువు, చివర ఆల్కైన్ కొక్కెం ఉంటుంది. డీఎన్ఏ తయారవుతున్నప్పుడు థైమిడిన్ స్థానంలో దూరిపోతుంది. రాగి సమక్షంలో అజైడ్ రంగు ఆ కొక్కేనికి తగులుకుంటుంది. 2022 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ క్లిక్ రసాయనానికే.

బీఆర్‌డీయూ మీద దీని గెలుపంతా రంగు అణువు చిన్నదిగా ఉండటంలోనే ఉంది. యాంటీబాడీ పెద్దది కాబట్టి బీఆర్‌డీయూను చూడాలంటే డీఎన్ఏ రెండు పోగులను విడదీయాలి. అందుకు 2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అరగంట నానబెట్టడం, లేదా డీఎన్ఏస్ (డీఎన్ఏను తెంచే ఎంజైమ్). ఆమ్లం పడ్డాక చాలా యాంటీబాడీల లక్ష్యాలు చెడిపోతాయి, హెక్స్ట్ కూడా మసకబారుతుంది. గొనాడ్ పనిలో ఇది చిన్న నష్టం కాదు. ఒకే కోతలో (కణజాలం నుంచి తీసిన పలచటి పొరలో) ఎస్ దశ, కణం రకం, పొర సరిహద్దు మూడూ కనబడకపోతే ఆ కోత వృథా. ఈడీయూతో నాలుగు రంగులూ ఒకే స్లైడ్ మీద నిలుస్తాయి. ఈ ఒక్క కారణానికే కిట్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది.

ఇక మొదటి ఫిర్యాదు. 5 మి.గ్రా. ఈడీయూను 2 మిల్లీలీటర్ల డీఎంఎస్ఓలో కరిగిస్తే సుమారు 10 మిల్లీమోలార్ నిల్వ ద్రావణం వస్తుంది. గొనాడ్‌ను బయట పెంచే ప్రయోగానికి 10 మైక్రోమోలార్ చాలు. అంటే 500 మైక్రోలీటర్ల మాధ్యమానికి అర మైక్రోలీటర్. ఆ లెక్కన ఒక సీసా 4000 బావులకు (కల్చర్ పళ్లెంలోని గుంటలకు) వస్తుంది. అదే గర్భంతో ఉన్న ఎలుకకు ఇంజెక్షన్ అయితే కిలోకు 50 మి.గ్రా. చొప్పున 30 గ్రాముల ఎలుకకు 1.5 మి.గ్రా. కావాలి, మూడు ఎలుకలతో సీసా ఖాళీ. గర్భంలో ఉన్న పిండాల మీద పని చేసేవాళ్లు ఈడీయూ పొడిని విడిగా ఎక్కువ మొత్తంలో కొనుక్కోవాలి, కిట్‌ను రంగు వేయడానికి మాత్రమే వాడుకోవాలి. పెట్టె మీద ఈ మాట ఎక్కడా ఉండదు. ఇంజెక్షన్‌కు డీఎంఎస్ఓ నిల్వను వాడకూడదు. పొడిని పీబీఎస్‌లో (ఉప్పు బఫర్‌లో) మిల్లీలీటరుకు 2 మి.గ్రా. చొప్పున, కాస్త వేడి చేసి కరిగించి, వడకట్టి, శరీర ఉష్ణోగ్రతకు తెచ్చి కడుపు కుహరంలోకి ఇవ్వాలి. చల్లారితే అడుగున స్ఫటికాలు చేరతాయి. వాటిని గమనించకుండా పైద్రావణం లాగితే మోతాదు తగ్గిపోయినట్టే.

నిండు కడుపు మీద ఇంజెక్షన్ గర్భాశయంలోకో పేగులోకో దిగే అవకాశం తక్కువేమీ కాదు. పిండాల్లో సంకేతం లేకపోతే నేరం కిట్‌ది అనుకునే ముందు తల్లి చిన్నపేగు ముక్కను కూడా అదే రోజు బిగించి (రసాయనంతో ఫిక్స్ చేసి) పెట్టుకోవాలి. పేగు గుంటల్లో కణాలు ఎప్పుడూ విభజిస్తూనే ఉంటాయి. అక్కడ వెలుగుంటే ఇంజెక్షన్ సరిగ్గా పడింది, తర్వాతి దశల్లో తప్పు వెతకాలి. అక్కడా చీకటే అయితే సూదిదో రంగుదో తేల్చుకోవాలి. అందుకు ముందే ఈడీయూ తిన్నట్టు రుజువైన పాత స్లైడ్ ఒకటి పక్కన నడపాలి.

ఇంజెక్షన్‌కూ పిండాలు తీయడానికీ మధ్య ఒక గంట నుంచి రెండు గంటలు. అంతకు మించితే గుర్తు పడ్డ కణం విభజన ముగించుకుని రెండైపోతుంది, పైపొరలో ఉండాల్సింది లోపలికి దిగిపోతుంది కూడా. పైపొర నుంచి లోపలికి వలస ఉండే కణజాలంలో పల్స్ (ఈడీయూ ఇచ్చాక ఆగే సమయం) పొడవైతే విభజన ఎక్కడ జరిగిందన్న ప్రశ్నకు జవాబే మారిపోతుంది. ఒకే ప్రయోగంలో ఒక తల్లికి గంట, ఇంకో తల్లికి గంటన్నర ఇచ్చి కలిపి లెక్కించడం మరీ దారుణం.

ఇప్పుడు అసలు బోనులో నిలబెట్టాల్సినది పిండం వయసు. ప్లగ్ (జత కట్టిన గుర్తుగా ఆడ ఎలుకలో ఉండే బిరడా) కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5 అనుకుని లెక్కేస్తే ఈ పనికి చాలదు. ఒకే తల్లి కడుపులో పక్కపక్కన ఉన్న పిండాల మధ్యే గంటల తేడా ఉంటుంది. తోక సోమైట్లు (వెన్ను వెంట వరసగా ఏర్పడే కణజాల దిమ్మలు) లెక్కపెట్టాలి, వెనకకాలి మొగ్గ దాటాక ఉన్నవాటిని మాత్రమే. 10.5వ రోజుకు సుమారు 8, 11.5కు 18, 12.5కు 30 దాకా ఉంటాయి. మొదటి రోజు లెక్కన చూస్తే ఒక్కో సోమైట్ ఇంచుమించు రెండున్నర గంటలు. పైపొర కణాల్లో 15 నుంచి 17 సోమైట్ల దశలో గుర్తు పెట్టినవి సెర్టోలి కణాలుగానూ, మధ్య కణజాలంగానూ మారగలవు. 18 దాటాక గుర్తు పెట్టినవి సెర్టోలి కావు. అంటే 16 సోమైట్ల ఎక్స్‌వై పిండాన్ని 19 సోమైట్ల ఎక్స్ఎక్స్ పిండంతో పోల్చి, వచ్చిన తేడాకు లింగం పేరు పెడితే, అక్కడ కొలిచింది సగం గడియారాన్నే. ప్రతి జతలో సోమైట్ల తేడా ఒకటికి మించకూడదు. తోకను పీసీఆర్ కోసం కత్తిరించే ముందే లెక్క రాసుకోవాలి. ఈ వరస తప్పేవాళ్లు ఎంతమందో, తోక పోయాక ఎవరికీ గుర్తుండదు. ఎలుక జాతులనూ కలపకూడదు. సీ57బీఎల్6 అనే ప్రయోగశాల జాతి పిండాల్లో వృషణం దారి కొంచెం ఆలస్యంగా నడుస్తుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయం.

లింగ నిర్ధారణ గురించి రెండు మాటలు. 12వ రోజుకు ముందు కంటితో చెప్పడం కుదరదు. ఎస్ఆర్‌వై పీసీఆర్ ఒక్కటే పెడితే డీఎన్ఏ సరిగా రాని ప్రతి ఎక్స్‌వై పిండమూ ఎక్స్ఎక్స్ ఖాతాలో పడుతుంది. కేడీఎం5సీ (ఎక్స్ మీద ఉండేది), కేడీఎం5డీ (వై మీద ఉండేది) జన్యువుల జతను ఒకే ప్రైమర్లతో పెంచితే ఎక్స్ఎక్స్‌కు ఒక గీత, ఎక్స్‌వైకి రెండు గీతలు వస్తాయి. గీతే రాకపోతే డీఎన్ఏ రాలేదని తెలుస్తుంది. రెండు గీతలూ దగ్గరగా ఉంటాయి కాబట్టి జెల్ గట్టిగా పోసుకుని ఓపిగ్గా నడపాలి.

రంగు వేసే దశకు వద్దాం. గొనాడ్‌ను మీసోనెఫ్రోస్ (దానికి అంటుకుని ఉండే పిండ దశ మూత్రపిండం) నుంచి విడదీయకుండానే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో బిగించాలి. గది ఉష్ణోగ్రతలో అరగంట చాలు, పిండం మొండెం మొత్తం అయితే చల్లగా రాత్రంతా. సుక్రోజ్‌లో ముంచి, గడ్డకట్టించి, 10 మైక్రాన్ల కోతలు. 0.5 శాతం ట్రైటాన్ ఎక్స్-100లో 20 నిమిషాలు, 3 శాతం బీఎస్ఏ కలిపిన పీబీఎస్‌తో రెండుసార్లు కడగడం.

కిట్ సూచనలో ఒక కవర్‌స్లిప్‌కు 500 మైక్రోలీటర్ల మిశ్రమం: బఫర్ 430, కాపర్ సల్ఫేట్ 20, అజైడ్ రంగు 1.2, ఎడిటివ్ 50. కోతల చుట్టూ మైనపు పెన్నుతో గీత గీస్తే 100 మైక్రోలీటర్లే సరిపోతాయి, అంటే ఒక కవర్‌స్లిప్ ఖర్చుతో ఐదు స్లైడ్లు. అయితే ఒక్క స్లైడ్‌కు విడిగా కలపొద్దు. రంగు 0.24 మైక్రోలీటరు తీయాల్సి వస్తుంది, ఏ పిపెట్ అయినా అక్కడ అబద్ధమే చెబుతుంది. ఐదింటికి ఒకేసారి కలిపి పంచాలి. రాసిన వరసలోనే పోయాలి, ఎడిటివ్ అన్నింటికన్నా చివర. కలిపిన 15 నిమిషాల్లో స్లైడ్ మీద పడాలి, చీకట్లో 30 నిమిషాలు ఉంచాలి.

ఎక్కువగా చెడేది ఎడిటివ్ దగ్గరే. సీసాలో 2 మిల్లీలీటర్ల నీళ్లు పోసినప్పుడు వచ్చేది పది రెట్ల గాఢత నిల్వ. వాడే రోజు అందులోంచి తీసి పదో వంతుకు పలచన చేసుకోవాలి. పలచన చేసినదాన్ని రేపటికి దాచుకోకూడదు. నిల్వ ద్రావణాన్ని చిన్న భాగాలుగా చేసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. గోధుమ రంగు తిరిగితే గాలికి ఆక్సీకరణం చెందింది, పారేయాలి. లేత పసుపు ఫర్వాలేదా అని అడిగేవాళ్లుంటారు. కొత్త సీసా ఖరీదు ఒక కడుపు పిండాల విలువ కన్నా చాలా తక్కువ.

రెండో శత్రువు ఈడీటీఏ. రాగిని పట్టుకుని వదలదు. సిట్రేట్ కూడా ఆ బాపతే. పారాఫిన్ కోతలకు సిట్రేట్‌లో యాంటిజెన్ రిట్రీవల్ (యాంటీబాడీ లక్ష్యాలను మళ్లీ బయటపెట్టడం) చేశాక సరిగా కడగకుండా క్లిక్ చేస్తే సంకేతం పాలిపోతుంది. ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతికి) గొనాడ్‌ను ట్రిప్సిన్-ఈడీటీఏతో విడగొట్టినప్పుడూ ఇదే గండం.

మూడోది రాగి వల్లే పోయే సరుకు. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) వెలుగు దెబ్బతింటుంది, ఫెలాయిడిన్ (కణ సరిహద్దులు చూపే రంగు) ఆక్టిన్‌కు సరిగా అంటుకోదు. జీఎఫ్‌పీ రిపోర్టర్ ఎలుకలు వాడుతుంటే క్లిక్ ముగిశాక జీఎఫ్‌పీ యాంటీబాడీతో మళ్లీ వెలిగించుకోవాలి. రాగి తాకిడిని తగ్గించిన మెరుగైన కిట్లు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. యాంటీబాడీ ఉన్న చోట మామూలు కిట్టే చాలు. కణ సరిహద్దులకు ఫెలాయిడిన్ తప్పనిసరైతేనే పైరకానికి వెళ్లాలి.

రంగు ఎంపికలో 488 (ఆకుపచ్చ) కన్నా 647 (ముదురు ఎరుపు) మేలు. 11.5వ రోజు పిండంలో ఎర్రరక్త కణాలకు ఇంకా కేంద్రకం ఉంటుంది, పైగా అవి ఆకుపచ్చ వైపు వాటంతట అవే వెలుగుతాయి. మీసోనెఫ్రోస్ రక్తనాళాల నిండా అవే. హెక్స్ట్ ఉంది, ఆకుపచ్చ ఉంది, కాబట్టి ఈడీయూ కణమే అని లెక్కలో పడిపోతుంది. ఈడీయూ ఇవ్వని పిండం కోత మీద పూర్తి మిశ్రమం, ఈడీయూ ఇచ్చిన కోత మీద రాగి లేని మిశ్రమం, ఈ రెండు కంట్రోళ్లూ ప్రతి విడతలో ఉండాలి.

గొనాడ్‌ను కోయకుండా మొత్తంగా రంగు వేయాలనుకుంటే అరగంట చాలదు. బయటి రెండు మూడు వరుసలు మెరిసి లోపల నల్లగా ఉంటుంది. పైపొరలోనే విభజన జరుగుతోందని నమ్మడానికి సిద్ధంగా ఉన్న కంటికి ఆ బొమ్మ ఎంతో అందంగా కనిపిస్తుంది కూడా! ట్రైటాన్‌ను 1 శాతానికి పెంచి గంటల తరబడి నానబెట్టి, మిశ్రమాన్ని మధ్యలో ఒకసారి తాజాది మార్చి, మొత్తం గంట నుంచి రెండు గంటలు ఉంచాలి. లోపలి దాకా చేరిందో లేదో మీసోనెఫ్రోస్ నడిబొడ్డున వెలిగే కేంద్రకాలున్నాయా అని చూసి తేల్చుకోవాలి.

ఇక్కడికి కిట్ పని అయింది. అంకె తీయడంలో జరిగే తప్పులకు దాన్ని నిందించలేం గానీ, కొనేవాళ్లకు ఇది తెలియకపోతే కొన్నా లాభం లేదు.

ఎక్స్‌వై గొనాడ్‌లో ఈడీయూ కణాల సంఖ్య ఎక్స్ఎక్స్ కన్నా ఎక్కువ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. గొనాడ్ పెద్దదైతే అన్నీ ఎక్కువే. ఒక రకం కణాల్లో ఈడీయూ ఉన్నవి ఎంత శాతం అన్నదే లెక్క. 11.5 దగ్గర సాక్స్9 (సెర్టోలి కణాల గుర్తు) ఉన్న కణాల్లో ఈడీయూ శాతం తీస్తే అసలు ఊపు తప్పిపోతుంది. పైపొరలో విభజిస్తున్న ముందుతరం కణాల్లో సాక్స్9 ఇంకా వెలగనే లేదు. గాటా4 (గొనాడ్ కణాల మరో గుర్తు) లేదా ఎన్ఆర్5ఏ1 యాంటీబాడీ పెట్టాలి, లామినిన్‌తో పొర అడుగు గీత చూపించాలి, గీతకు పైనున్నవి ఒక లెక్క, కిందున్నవి ఒక లెక్క. బీజకణాలను డీడీఎక్స్4తో గానీ ఈ-క్యాడ్‌హెరిన్‌తో గానీ తీసి పక్కన పెట్టాలి. పీక్యామ్1 ఒక్కటే పెడితే అది బీజకణాల మీదా రక్తనాళాల లోపొర మీదా రెండింటి మీదా ఉంటుంది. 12వ రోజు తర్వాత వృషణంలోకి మీసోనెఫ్రోస్ నుంచి నాళ కణాలు పోటెత్తుతాయి, ఈడీయూ కూడా బాగా తింటాయి. వాటిని వేరు చేయని లెక్క వృషణం వైపు మొగ్గుతుంది.

ఎస్ఆర్‌వై గొనాడ్ నడుమ మొదలై రెండు చివరలకూ పాకుతుంది కాబట్టి కోత ఏ భాగానిదో కూడా ముఖ్యమే. ఒక పిండం నుంచి నడుమ కోత, ఇంకో పిండం నుంచి చివరి కోత తీస్తే తేడా దానంతట అదే పుడుతుంది. ముందు నుంచి వెనక దాకా ప్రతి మూడో కోత లెక్కించాలి. పక్కపక్క కోతల్లో ఒకే కేంద్రకం రెండు ముక్కలై రెండుసార్లు లెక్కకు రావడం కూడా ఇలా తప్పుతుంది. ఇంకొకటి, ఈడీయూ అన్ని కేంద్రకాల్లోనూ ఒకే తీరుగా నిండి ఉండదు. ఎస్ దశ చివర్లో ఉన్న కణంలో అది చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆటోమేటిక్ లెక్కింపు సాఫ్ట్‌వేర్‌లో సగటు వెలుగు మీద హద్దు పెడితే ఆ చుక్కల కణాలన్నీ రాలిపోతాయి. గణాంకాలకు ఒక యూనిట్ అంటే పిండం, వీలైతే తల్లి. కోతను యూనిట్‌గా తీసుకుని వంద కోతలు ఉన్నాయని గొప్పలు పోవడం వద్దు.

అండాశయం వైపు ఈ కిట్ చెప్పే కథ ఆసక్తిగా ఉంటుంది, అక్కడే అది దారి తప్పిస్తుంది కూడా. 12.5 తర్వాత ఫాక్స్ఎల్2 (అండాశయం దారి గుర్తు) వెలిగిన ముందు-గ్రాన్యులోసా కణాలు (అండాశయంలో సెర్టోలికి జోడీ) విభజనను ఆపే పీ27 ప్రోటీన్ పెంచుకుని విభజన ఆపేస్తాయి. అదే వయసుకు నాళికల్లో చేరిన సెర్టోలి కణాలు విభజిస్తూనే ఉంటాయి. మూలం ఒకటే, నడక వేరు. ఈడీయూతో పాటు ఫాక్స్ఎల్2, పీ27 పెడితే ఈ తేడా ఒక్క చిత్రంలో తేటగా కనిపిస్తుంది. అదే సమయంలో అండాశయం పైపొర మాత్రం ఆగదు. ఎల్‌జీఆర్5 అనే గుర్తు ప్రోటీన్ ఉన్న పైపొర కణాలు పుట్టుక తర్వాత కొన్ని రోజుల దాకా లోపలికి దిగి, అంచున ఉండే ఫాలికల్స్‌కు (అండం పెరిగే సంచులకు) గ్రాన్యులోసా కణాలను అందిస్తాయి. అండాశయంలో విభజన తక్కువ అని ఒక్క మాటలో రాసేసేవాళ్లు గొనాడ్ అంతటినీ కలిపి సగటు తీసినవాళ్లే.

బీజకణాల దగ్గర ఈ కిట్‌ను ఒంటరిగా నమ్మితే మునిగినట్టే. 12.5 దాకా రెండు లింగాల్లోనూ అవి జోరుగా విభజిస్తాయి. ఆ తర్వాత వృషణంలో 14.5కల్లా నిద్రావస్థకు వెళ్లి, పుట్టాకే లేస్తాయి. అండాశయంలో 13.5 నుంచి ముందు వైపు మొదలుకుని వెనక్కి క్షయకరణ విభజనలోకి (మియోసిస్‌లోకి) అడుగుపెడతాయి. ఆ అడుగుకు ముందు డీఎన్ఏ మరోసారి రెట్టింపవుతుంది. ఈడీయూకు ఆ ఎస్ దశకూ మామూలు ఎస్ దశకూ తేడా తెలియదు. 13.5 అండాశయంలో బీజకణాలు వెలుగుతుంటే అవి పెరుగుతున్నాయని కాదు, సంఖ్య పెంచుకునే పని ముగించుకుంటున్నాయని. ఫ్లోలో డీఎన్ఏ పరిమాణం చూసినా ఇదే బోను: క్షయకరణ విభజన మొదలుపెట్టిన కణం కూడా రెట్టింపైన డీఎన్ఏతో జీ2 దశలాగే (మామూలు విభజనకు ముందు దశలాగే) కనిపిస్తుంది. క్షయకరణ విభజన గుర్తులైన స్ట్రా8, ఎస్‌వైసీపీ3 యాంటీబాడీలను తోడు పెట్టకుండా ఈ వయసు అండాశయం మీద ఈడీయూ అంకె రాయకూడదు.

ఇంకో ఉచ్చు తక్కువమందికి తెలుసు. విభజనను ఆపి వృషణం ఏమవుతుందో చూసే ప్రయోగాల్లో మెథోట్రెక్సేట్, 5-ఫ్లోరోయురాసిల్ వాడతారు. రెండూ కణం సొంతంగా థైమిడిలేట్ (డీఎన్ఏలో చేరే థైమిడిన్ రూపం) చేసుకునే దారిని మూసేస్తాయి. సొంత వంట మానేసిన కణం బయట దొరికే థైమిడిన్ లాంటి దాన్ని మరింత ఆబగా తింటుంది, ఈడీయూ అందులో ఒకటి. అందువల్ల మందు పెట్టిన గొనాడ్‌లో వెలుగు తగ్గకపోవచ్చు, కొన్ని కేంద్రకాల్లో పెరగనూ వచ్చు. మందు పనిచేయలేదని తేల్చేయడం తప్పు. అక్కడ ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 యాంటీబాడీతో విభజనలో ఉన్న కణాలనే లెక్కించాలి. ఈడీయూ కూడా అమాయకమైనదేం కాదు. ఎక్కువసేపు ఉంటే డీఎన్ఏకు హాని చేస్తుంది. 11.5లో గుర్తు పెట్టి 13.5లో చూసే వెంబడింపు ప్రయోగాలకు మోతాదు తగ్గించాలి, ఈడీయూ ఇవ్వని పిండాల గొనాడ్ పరిమాణంతో పోల్చి చూసుకోవాలి.

పోటీ సరుకు సంగతి క్లుప్తంగా. కేఐ67 (విభజన చక్రంలో ఉన్న కణాల్లో కనిపించే ప్రోటీన్) యాంటీబాడీ చవక, ఇంజెక్షన్ అక్కర్లేదు, కానీ నిద్రలో లేని ప్రతి కణాన్నీ చూపిస్తుంది. 11.5 గొనాడ్‌లో దాదాపు అన్నీ వెలుగుతాయి కాబట్టి రెండు లింగాల తేడా అందులో మునిగిపోతుంది. 14.5 వృషణ బీజకణాలు నిద్రపోయాయా అన్న ప్రశ్నకు మాత్రం ఈడీయూ కన్నా అదే మంచి జవాబు. ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 నమ్మకమైనది, కానీ ఒక్కో కోతలో దొరికే కణాలు కొన్నే, కాబట్టి చాలా కోతలు లెక్కించాలి. బీఆర్‌డీయూను పూర్తిగా అటకెక్కించనక్కర్లేదు. ముందు ఒకటి, కొంత విరామం తర్వాత రెండోది ఇచ్చి ఎస్ దశ ఎన్ని గంటలో కొలిచే ప్రయోగానికి రెండూ కావాలి. అయితే చాలా బీఆర్‌డీయూ యాంటీబాడీలు ఈడీయూను కూడా పట్టుకుంటాయి. ఎంఓబీయూ-1 క్లోన్ ఆ పొరపాటు చేయనిదిగా పేరుపడింది. అయినా ఈడీయూ మాత్రమే ఇచ్చిన కోత మీద దాన్ని పరీక్షించాకే మొదలుపెట్టాలి.

ఎవరు కొనాలి? గొనాడ్‌ను అగర్ దిమ్మ మీద పెంచి, మందులో ప్రోటీనులో కలిపి చూసేవాళ్లకు 647 రంగు ఉన్న మామూలు ఇమేజింగ్ కిట్ ఒక్కటి చాలా కాలం వస్తుంది. గర్భంలోని పిండాల మీద పనిచేసేవాళ్లు అదే కిట్‌తో పాటు ఈడీయూ పొడి విడిగా తెప్పించుకోవాలి, జంతు ప్రయోగ అనుమతి పత్రంలో మోతాదు, పల్స్ వ్యవధి రెండూ ముందే రాయించుకోవాలి. 13.5 దాటిన బీజకణాలే ప్రశ్న అయితే ఈ డబ్బు ముందు యాంటీబాడీల మీద పెట్టండి. కొన్నాక మొదటి విడత 12.5వ రోజు పిండాలతో చేయడం మంచిది. అప్పటికి లింగం కంటికే తెలుస్తుంది, నాళికలు కనిపిస్తాయి, కిట్ చేతికి అలవాటవుతుంది. 16 సోమైట్ల పిండాలను ఆ తర్వాతే ముట్టుకోండి.